ఇన్సులిన్ మొదలుపెట్టడానికి పెళ్లి అయ్యేదాకా ఆగవచ్చా?

మీరు రాసిన వివరాలను ముందుగా ఒకచోట పెడతాను, చదివే మిగతావారికీ విషయం తెలుస్తుంది. మీ నాన్నగారి వయసు 58. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటారు. షుగరు వచ్చి పదకొండేళ్లయింది. రోజుకు మెట్‌ఫార్మిన్ 2 గ్రాములు, గ్లిమెపిరైడ్ 4 మిల్లీగ్రాములు, సిటాగ్లిప్టిన్ 100 మిల్లీగ్రాములు వాడుతున్నారు. తాజా పరీక్షల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల చక్కెర సగటును చెప్పే రక్తపరీక్ష) 9.6, పరగడుపున 210, భోజనం చేసిన రెండు గంటలకు 310. నాలుగు నెలల్లో బరువు 72 కిలోల నుంచి 66కి దిగింది. రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నారు. డాక్టరు ఇన్సులిన్ మొదలుపెడదామన్నారు. నాన్నగారేమో ఇంకో మాత్ర కలపమంటున్నారు. మీ పెదనాన్నగారికి ఇన్సులిన్ మొదలైన ఏడాదికే డయాలసిస్ అవసరమైందని బంధువులు గుర్తుచేస్తున్నారు, అమ్మగారు భయపడుతున్నారు. వచ్చే నెలలో మీ చెల్లెలి పెళ్లి ఉంది కాబట్టి అదయ్యాక చూద్దామా అని అడిగారు.

ఆగవద్దు. డాక్టరు చెప్పింది సరైన మాట. కానీ అది ఎందుకు సరైనదో ఇంట్లో అందరికీ తెలియకపోతే, మొదలుపెట్టిన నాలుగో రోజున ఎవరో ఒకరు మాన్పించేస్తారు. హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి షుగరు రోగులనే చూస్తున్న వైద్యుడిగా చెబుతున్నాను, ఇన్సులిన్ విషయంలో చాలాసార్లు డాక్టరు మాట కన్నా చిన్నాన్న మాటకే విలువ ఎక్కువ. అందుకే కాస్త విడమరిచి రాస్తున్నాను. మోతాదులు మాత్రం నాన్నగారిని స్వయంగా చూస్తున్న డాక్టరే నిర్ణయించాలి.

మీరంతా ఆ 9.6 దగ్గర ఆగిపోయారు. నా కన్ను మాత్రం తగ్గిన ఆరు కిలోల మీద పడింది. తిండి తగ్గించకుండా, నడక పెంచకుండా నాలుగు నెలల్లో అంత బరువు పోయిందంటే శరీరంలో ఇన్సులిన్ చాలడం లేదని గట్టిగా అనుమానించాలి. ఇన్సులిన్ లేనిదే రక్తంలోని గ్లూకోజు కండరాల్లోకి, కొవ్వులోకి సరిగా వెళ్లదు. రక్తంలో ఎంత చక్కెర ఉన్నా కణాలు పస్తులుంటాయి. అప్పుడు శరీరం తన కొవ్వునూ కండనూ కరిగించుకుని బతుకుతుంది. రక్తంలో చక్కెర సుమారు 180 దాటాక మూత్రంలోకి పొంగిపోతుంది, పోతూ నీటిని కూడా లాక్కుపోతుంది. రాత్రి లేవడం, దాహం, నీరసం అన్నీ అందులో భాగమే. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతాయి: కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, అతిమూత్రం, దాహం ఉన్నా, హెచ్‌బీఏ1సీ 10 దాటినా, చక్కెర 300కు చేరినా ఇన్సులిన్ గురించి ఆలోచించాలి. 9.6 అంటే ఇంకా పది కాలేదు కదా అని లెక్క వేసుకోకండి. మిగతా సూచనలన్నీ ఆయనలో కనిపిస్తున్నాయి.

మాత్రలు ఎందుకు చాలడం లేదు? నాన్నగారు పత్యం సరిగా చేయలేదనో, మామిడిపండు తిన్నారనో ఇంట్లో దెప్పుతున్నట్టు మీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. దయచేసి అది ఆపండి. బ్రిటన్‌లో వేలమంది రోగులను ఏళ్లపాటు గమనించిన యూకేపీడీఎస్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 1998లో వచ్చాయి. టైప్ 2 షుగరు బయటపడే నాటికే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల సామర్థ్యం సుమారు సగానికి పడిపోయి ఉంటుందనీ, తర్వాత ఏటేటా ఇంకా తగ్గుతుందనీ ఆ పరిశోధన వల్ల తెలిసింది. పత్యం, నడక ఆ తగ్గుదల వేగాన్ని కొంత మారుస్తాయి, అంతే. పదకొండేళ్ల తర్వాత క్లోమం అలసిపోవడం ఈ జబ్బు సహజ లక్షణం.

గ్లిమెపిరైడ్ చేసే పని క్లోమాన్ని పిండి ఇన్సులిన్ రాబట్టడం. సిటాగ్లిప్టిన్ పనిచేయాలన్నా బీటా కణాల్లో ఎంతో కొంత శక్తి మిగిలి ఉండాలి. బోరులో నీళ్లు అడుగంటినప్పుడు ఇంకో హార్స్‌పవర్ ఎక్కువ మోటారు బిగిస్తే ఏమవుతుందో ఎండాకాలం హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి చెప్పనక్కర్లేదు. పైగా లెక్క చూడండి. 9.6 అంటే మూడు నెలల సగటు సుమారు 229. చాలామందికి లక్ష్యంగా పెట్టే ఏడుకు రావాలంటే ఆ సగటు 154కు దిగాలి. మామూలుగా ఒక కొత్త మాత్ర హెచ్‌బీఏ1సీని అర నుంచి ఒక పాయింటు తగ్గిస్తుంది. ఇక్కడ తగ్గాల్సింది 2.6. నాలుగో మాత్ర బాగా పనిచేసినా సగం దారి కూడా చేరలేం. అది తేలడానికి ఇంకో మూడు నెలలు పోతాయి.

నాన్నగారు అడిగే ఆ 'ఇంకో మాత్ర' బహుశా డాపాగ్లిఫ్లోజిన్ అవుతుంది. 2020లో పేటెంటు ముగిశాక చాలా కంపెనీలు తయారుచేయడంతో ధర పడిపోయింది, మందుల దుకాణాల్లో అందరి నోటా ఆ పేరే. నిజానికి మంచి మందు, గుండెకూ కిడ్నీలకూ మేలు చేస్తుంది. కానీ అది చక్కెరను మూత్రంలోకి తోసి పనిచేస్తుంది. ఇన్సులిన్ కొరతతో చిక్కిపోతున్న మనిషికి దాన్ని ఇస్తే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. అలాంటప్పుడు చక్కెర మరీ ఎక్కువగా కనిపించకపోవడంతో ప్రమాదాన్ని ఆలస్యంగా గుర్తించే అవకాశమూ ఉంది. ఇన్సులిన్‌తో బరువు నిలదొక్కుకున్నాక డాక్టరు దాన్ని కలుపుతారేమో, అది వేరే విషయం. వారానికొకసారి తీసుకునే సెమాగ్లూటైడ్ గురించి కూడా అడిగారు. అది సూదే గాని ఇన్సులిన్ కాదు. ఆకలిని, బరువును తగ్గిస్తుంది. పొట్ట ఉన్నవారికి ఇన్సులిన్ కంటే ముందు దాన్ని ప్రయత్నించడం మంచి పద్ధతే. ఆరు కిలోలు పోగొట్టుకున్న ఆయనకు ఇప్పుడది సరిపడదు.

ఒక మాట మీ డాక్టరుతో తప్పకుండా మాట్లాడండి. యాభై దాటిన మనిషికి ఏళ్లుగా అదుపులో ఉన్న షుగరు ఉన్నట్టుండి ఎగబాకి, బరువు కూడా పడిపోతే ఇంకేదైనా జబ్బు దాగి ఉందేమో వెతకాలి. క్షయ మన దేశంలో షుగరును అంటిపెట్టుకుని తిరుగుతుంది, కాబట్టి ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. థైరాయిడ్ పరీక్ష, మూత్రంలో కీటోన్లు, క్లోమంలో గడ్డలేమైనా ఉన్నాయేమో చూడటానికి కడుపు స్కానింగ్ కూడా అవసరమే. కీళ్లనొప్పులకు ఎవరైనా పొడి మందులు ఇచ్చారేమో కనుక్కోండి. 'మూలికలే' అని అమ్మే పొట్లాల్లో స్టెరాయిడ్ కలిపి ఉండటం అరుదేమీ కాదు, అది చక్కెరను అమాంతం పెంచుతుంది. ఆయన సొంత ఇన్సులిన్ ఎంత మిగిలిందో సి-పెప్టైడ్ పరీక్ష చెబుతుంది. ఇవన్నీ అయ్యేదాకా ఇన్సులిన్ ఆపనవసరం లేదు, రెండూ పక్కపక్కనే సాగాలి.

ఇది చదివి తమ హెచ్‌బీఏ1సీ కూడా తొమ్మిదే అని ఎవరూ సూది కోసం పరుగెత్తవద్దు. రెండు మాత్రలే వాడుతూ, వాటిలోనూ ఒకటి వారానికి మూడు రోజులు మరిచిపోతూ, నడుము చుట్టుకొలత పెరుగుతున్న నలభై ఐదేళ్ల ఉద్యోగికి ముందు చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి. రక్తహీనత ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ అంతగా నమ్మదగినది కాదు. ఐరన్ లోపం దాన్ని ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు, ఈమధ్య రక్తం ఎక్కించుకుని ఉంటే లెక్క మరోలా తప్పుతుంది. అందుకే వేలి నుంచి తీసి చూసిన అంకెలతో పోల్చాలి. మీ నాన్నగారి విషయంలో 210, 310 ఆ 9.6తో సరిపోతున్నాయి. పిల్లలు అమెరికాలో ఉండి, కూకట్‌పల్లిలో ఒంటరిగా బతుకుతున్న 78 ఏళ్ల పెద్దమ్మగారికి ఎనిమిది దగ్గర ఉన్నా నాకు అభ్యంతరం లేదు. ఆమెకు ఏడు కోసం పట్టుపట్టి అర్ధరాత్రి లో షుగర్ తెప్పిస్తే పక్కన చూసేవారెవరు?

దీనికి పూర్తి విరుద్ధంగా, ఒక్క రోజు కూడా ఆలోచించకూడని సందర్భాలూ ఉన్నాయి. ఒంట్లో ఇన్సులిన్ దాదాపుగా తయారవని టైప్ 1 రోగులకు ఇన్సులిన్ తప్ప దారి లేదు. సన్నగా ఉన్న పాతికేళ్ల యువకుడికి షుగరు బయటపడి మాత్రలకు లొంగకపోతే అది టైప్ 1 కావచ్చని అనుమానించాలి. గర్భిణికి ఆహార నియమాలతో అదుపు కాకపోతే మొదటి ఎంపిక ఇన్సులినే. పెద్ద ఆపరేషన్, తీవ్రమైన ఇన్ఫెక్షన్, కీటోన్లతో వాంతులు, ఇవన్నీ కూడా ఆ జాబితాలోవే.

ఇప్పుడు పెదనాన్నగారి డయాలసిస్ సంగతి. మీ ఇంట్లో అసలు అడ్డుగోడ ఇదే అనిపిస్తోంది. ఇన్సులిన్ కిడ్నీలను పాడుచేయదు. జరిగే క్రమం మరోలా ఉంటుంది. ఏళ్ల తరబడి అదుపు తప్పిన చక్కెర, రక్తపోటు కిడ్నీలను నెమ్మదిగా తినేస్తాయి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నాక మెట్‌ఫార్మిన్ లాంటి మాత్రలు ఆపక తప్పదు, కొన్ని మాత్రలు ఒంట్లో పేరుకుపోయి లో షుగర్ తెస్తాయి. అప్పుడు ఇన్సులిన్ మీదే ఆధారపడాల్సి వస్తుంది. ఆ తర్వాత ఏడాదికి డయాలసిస్ మొదలైతే చూసేవారికి రెండింటికీ ముడి పడినట్టు కనిపిస్తుంది. పెదనాన్నగారి పాత కాగితాలు ఇంట్లో ఉంటే, ఇన్సులిన్ రాసిన రోజునాటి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతో ఒకసారి చూడండి. బంధువులతో వాదించే కంటే ఆ కాగితం చూపించడం సులువు.

కళ్ల గురించిన భయానికి మాత్రం కొంత ఆధారం ఉంది, కొట్టిపారేయను. ఏళ్లుగా ఎక్కువగా ఉన్న చక్కెరను చాలా వేగంగా దించితే, అప్పటికే రెటీనాలో (కంటి లోపలి పొరలో) దెబ్బ ఉన్నవారికి అది కొన్ని నెలలపాటు ఎక్కువ కావచ్చు. దీర్ఘకాలంలో మేలే జరుగుతుంది గాని ఆ మధ్యకాలంలో జాగ్రత్త అవసరం. మెహదీపట్నం సరోజినీదేవి ఆసుపత్రిలోనో, బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్‌లోనో, మీకు దగ్గరున్న ఏ కంటి డాక్టరు దగ్గరో కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేసి రెటీనా పరీక్ష ఈ వారంలోనే చేయించండి. కళ్లద్దాల నంబరు చూసి పంపేస్తే అది రెటీనా పరీక్ష కాదు. చక్కెర దిగే మొదటి వారాల్లో చూపు మసకగా ఉంటే కంగారుపడి కొత్త అద్దాలు చేయించవద్దు, చాలామందికి అది దానంతట సర్దుకుంటుంది. ఉన్నట్టుండి నల్లటి మచ్చలు, తెర కనిపిస్తే మాత్రం ఆ రోజే వెళ్లాలి.

జీవితాంతం సూదేనా అని అమ్మగారు అడిగారు. కావచ్చు, కాకపోవచ్చు. కొత్తగా బయటపడి 400 చక్కెరతో వచ్చినవారిలో కొన్ని వారాల ఇన్సులిన్ తర్వాత క్లోమం కోలుకోవడం తరచూ చూస్తాం. 2008లో వెలువడిన చైనా అధ్యయనంలో అలా మొదట్లోనే గట్టిగా ఇన్సులిన్ ఇచ్చినవారిలో సుమారు సగం మంది ఏడాది తర్వాత కూడా మందు లేకుండా ఉండగలిగారు. పదకొండేళ్ల జబ్బులో అంత ఆశ పెట్టుకోలేను. మోతాదు తగ్గవచ్చు, సి-పెప్టైడ్ బాగుంటే మళ్లీ మాత్రల మీదే నడపవచ్చు. ఇన్సులిన్ వ్యసనం కాదు. అవసరం ఉంటే ఉంటుంది, లేకపోతే పోతుంది. రోజూ మూడు రకాల మాత్రలు జీవితాంతం మింగడానికి ఒప్పుకున్న మనిషి సూది దగ్గరే ఎందుకు లెక్కలు వేస్తారో నాకెప్పుడూ వింతే.

మొదలుపెట్టే తీరు మీరు ఊహిస్తున్నంత భారీగా ఉండదు. సాధారణంగా రోజుకొకసారి, రాత్రి, గ్లార్జిన్ లాంటి దీర్ఘకాలిక ఇన్సులిన్ 10 యూనిట్లతో మొదలవుతుంది. మూడు రోజులకొకసారి రెండేసి యూనిట్లు పెంచుతూ పరగడుపు చక్కెర 80 నుంచి 130 మధ్యకు వచ్చేదాకా వెళతారు. లో షుగర్ వస్తే పది నుంచి ఇరవై శాతం తగ్గిస్తారు. మెట్‌ఫార్మిన్ కొనసాగుతుంది, గ్లిమెపిరైడ్ తగ్గిస్తారు లేదా ఆపేస్తారు. ఆ మాట డాక్టరు చెప్పకపోతే మీరే అడగండి. పది యూనిట్లు వేసినా తగ్గలేదని వారంలో మానేసేవారు బోలెడు. పది అనేది మొదటి మెట్టు, చాలామందికి అది చాలదు. రోజుకు రెండుసార్లు వేసే 30/70 మిశ్రమ ఇన్సులిన్ మన దగ్గర ఎక్కువ వాడకంలో ఉంది, ఖర్చూ తక్కువ, భోజనం తర్వాత పెరిగే చక్కెరకూ పనిచేస్తుంది. కాకపోతే అది వేసుకున్నాక వేళకు తినాల్సిందే. రాత్రి భోజనం ఒక రోజు ఎనిమిదికి, ఇంకో రోజు పదిన్నరకు అయ్యే ఇంట్లో దానితో ఇబ్బంది. మీ ఇంటి వేళలు డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి.

సీసా, సిరంజి వాడేటట్టయితే ఒక విషయం గోడ మీద రాసి పెట్టుకోండి. మన దేశంలో ఇన్సులిన్ రెండు గాఢతల్లో వస్తుంది, మిల్లీలీటరుకు 40 యూనిట్లు, మిల్లీలీటరుకు 100 యూనిట్లు. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ రంగు మూత సిరంజి 100కి. వంద గాఢత మందును ఎర్ర మూత సిరంజితో పది గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది పది కాదు, పాతిక యూనిట్లు. ఇన్సులిన్ పెన్ను కార్ట్రిడ్జిలో మిగిలిన మందు పారేయడం ఎందుకని సిరంజితో లాగి వేసుకునేవారిని చూశాను. ఆ పొదుపు చేయవద్దు. పెన్ను అయితే ఈ గందరగోళం ఉండదు. నాలుగు మిల్లీమీటర్ల సూది అసలు తెలియనంత చిన్నది, చక్కెర పరీక్షకు వేలికి గుచ్చే పోటే దానికన్నా నొప్పి. పొట్ట మీద చోటు మారుస్తూ వేయాలి. ఒకేచోట వేస్తే అక్కడ గట్టిపడి మందు సరిగా ఎక్కదు.

తెరవని ఇన్సులిన్ ఫ్రిజ్ తలుపు అరలో ఉండాలి, ఫ్రీజర్‌లో ఎప్పుడూ పెట్టకూడదు. గడ్డకట్టింది మళ్లీ కరిగినా పనికిరాదు. వాడుతున్న పెన్ను గది వేడిలో సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది, కానీ మే నెల హైదరాబాద్ గదిని ఆ లెక్కలో పట్టలేం. తడి ఇసుక పోసిన మట్టికుండలో డబ్బాలో పెడితే నయం. ఎండలో ఆపిన కారులో మాత్రం పది నిమిషాలు కూడా వదలవద్దు.

లో షుగర్ అంటే 70 కన్నా తక్కువ. చెమట, వణుకు, గుండెదడ, ఆకలి, చిరాకు దాని గుర్తులు. వెంటనే మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి, తగ్గకపోతే ఇంకోసారి ఇవ్వాలి. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ మనకు ఎంత ఇష్టమైనా ఆ క్షణంలో పనికిరావు. బిస్కెట్లలోని కొవ్వు వల్ల చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక పెళ్లి. ఆడపిల్ల తండ్రిగా నాన్నగారు కన్యాదానం దాకా ఉపవాసం ఉంటారని రాశారు. మీరు ఇన్సులిన్‌కు భయపడుతున్నారు గాని, ఖాళీ కడుపున ఆయన అలవాటుగా మింగబోయే గ్లిమెపిరైడ్ కూడా లో షుగర్ తెచ్చే మందే. దాని గురించి ఇంట్లో ఎవరూ బెంగ పడలేదు! ఇప్పుడే మొదలుపెడితే పెళ్లినాటికి మోతాదు ఒక కొలిక్కి వస్తుంది, ఒంట్లో సత్తువ వస్తుంది, రాత్రి నిద్ర దక్కుతుంది. వాయిదా వేస్తే పందిట్లో ఆయన నీరసంగా, మాటిమాటికీ బాత్రూముకు వెళుతూ ఉంటారు. చక్కెర 300 దగ్గర ఉన్నప్పుడు కాలికి చిన్న గాయమైనా త్వరగా మానదు, చెప్పులు లేకుండా మండపంలో తిరిగే రోజులవి. పాతబస్తీ నుంచి నా దగ్గరకు వచ్చేవారు రంజాన్‌కు నెల ముందే వచ్చి మోతాదులు, వేళలు మార్పించుకుంటారు. మీరూ ఆ పద్ధతే పాటించండి. ముహూర్తం ఏ వేళకో చెప్పి, ఆ రోజు ఏ మందు ఎంత, ఏది మానాలో కాగితం మీద రాయించుకోండి. పురోహితుడితో ముందే మాట్లాడితే పాలు, పండ్లకు అభ్యంతరం చెప్పరు. గ్లూకోమీటరు, గ్లూకోజు పొట్లం అమ్మగారి సంచిలో కాకుండా మీ జేబులో ఉండాలి, ఆ రోజు ఆవిడకు ఆ సంచి ఎక్కడుందో కూడా తెలియదు.

ఖర్చు భారమైతే ఉస్మానియా, గాంధీ లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో అడగండి. పెన్నులు కొనలేకపోతే మామూలు హ్యూమన్ ఇన్సులిన్ సీసాలతో కూడా చక్కెరను చక్కగా అదుపు చేయవచ్చు.

డాక్టరు దగ్గరకు వెళ్లేలోగా వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత, నోటి నుంచి పండ్ల వాసన, వీటిలో ఏది కనిపించినా, మీటరులో అంకె ఎంత ఉన్నా, తెల్లవారేదాకా చూడకుండా ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్లి కీటోన్ల పరీక్ష చేయమని అడగండి.